బంగళాలో స్విచ్‌బోర్డుల ఎత్తు

మా ఆయన కర్మ అయిన మర్నాడు వదిన నన్ను నిద్రకు తీసుకుపోయింది. ఇంటి మనిషి పోయాక దగ్గరివాళ్ళ ఇంట్లో ఒక రాత్రి పడుకొని రావడం మా వైపు ఆచారం. వదిన అంటే మా ఆయన అక్క. ఆమె ఇల్లు పాల్వంచలో. ఖమ్మంలో బస్సెక్కాం. జూలూరుపాడు దాటాక అడిగింది.

"నిజం చెప్పు. ఏడుపు వస్తలేదా, ఆపుకుంటున్నవా?"

"వస్తలేదు వదినా."

"నా తమ్ముడు గంత గతిలేనోడా? కట్టుకున్నదాని కండ్లల్లకెల్లి ఒక్క బొట్టు గూడ రాకపాయె. వచ్చిపోయినోళ్ళంతా నీ మొఖమే చూసిండ్రు."

చూశారు, నాకూ తెలుసు. వచ్చినవాళ్ళకు కుర్చీలు చాలుతున్నాయా లేదా అని నేను చూస్తుంటే, వాళ్ళు నన్ను చూశారు. ఏడుపు గుండెలో గడ్డకడితే మనిషిని మింగుతుందని వదిన నమ్మకం. మా అమ్మాయికీ అదే భయం పట్టుకుంది. "అత్తా, నువ్వన్నా అమ్మను ఏడిపించు" అని బస్టాండులో వదిన చేతులు పట్టుకొని చెప్పింది, నేను పక్కనే ఉండగా.

నాకు బాధ లేదని కాదు, అది ఎక్కడుందో దొరకలేదు. పంటి డాక్టరు సూది వేశాక చెంప మీద వేలు పెడితే వేలికి చెంప తెలుస్తుంది, చెంపకు వేలు తెలియదు. అట్లా ఉంది.

తెల్లవారి చాయ తాగుతూ వదిన తన ఆలోచన బయటపెట్టింది. అడవి అంచున ఉన్న పాత వేట బంగళాకు పోదామంది. ఒక దొర కట్టించుకున్నది. తర్వాత సర్కారు తీసుకుంది. మా ఆయన కరెంటు పని చేసేవాడు. పెళ్ళైన కొత్తలో ఆ బంగళాకు వైరింగు చేసే పని దొరికితే, ఆ చలికాలమంతా మేమిద్దరం దాని వెనక వంటవాడి గదిలో ఉన్నాం. అక్కడికి పోతే నాకు అన్నీ గుర్తుకొస్తాయని, గుర్తుకొస్తే ఏడుస్తానని వదిన లెక్క.

"నిద్రకు వచ్చిన మనిషి నేరుగా తన ఇంటికే పోవాలె, మధ్యల ఇంకో గడప తొక్కొద్దు. ఈ మాట నువ్వే కదా చెప్పింది" అన్నాను.

"టికెట్ కొని పోయేది ఇల్లెట్లయితదే? అది సర్కారుది. సర్కారుకు మైల అంటుతదా?"

ఆటోలో పోయాం. దారి పొడుగునా టేకు చెట్లు ఆకు రాల్చి ఉన్నాయి. బంగళా నేను అనుకున్నంత పెద్దగా లేదు. సున్నం కొత్తగా వేశారు. వరండా గోడల మీద దుప్పి కొమ్ములు అట్లాగే ఉన్నాయి. వాటిలో గుమ్మం పక్క కొమ్ము మీద మా ఆయన తువ్వాలు ఆరేసేవాడు. ఆ సంగతి వదినకు చెప్పాను. ఆమె వెంటనే నా కళ్ళలోకి చూసింది. ఏమీ లేకపోయేసరికి ముందుకు నడిచింది.

గైడు నడివయసు మనిషి, గొంతు పెద్దది. "దొరగారు పద్దెనిమిదేండ్లప్పుడు కట్టించిండు ఈ బంగళా. కట్టి నూటిరవై ఏండ్లయితంది. దొరగారు డెబ్బై ఏండ్లు బతికి, ముప్పై ఏండ్ల కింద కాలం చేసిండు."

"డెబ్బై, ముప్పై కలిపితే వంద" అన్నాను. "ఆయన పుట్టింది వందేళ్ల కింద. బంగళా కట్టి నూటిరవై అయితే, పుట్టకముందే ఎట్ల కట్టించిండు?"

గైడు నన్ను ఎగాదిగా చూశాడు. "అమ్మా, మీరు లెక్కల టీచరా?"

"కాదు. సహకార సంఘంలో గుమాస్తాగా చేసిన."

"అది ఇంకా కష్టం" అన్నాడు. వదిన నా మోచెయ్యి గిల్లింది. "నిన్ను లెక్కలు దిద్దుమని తోల్కరాలే."

పడకగదిలో అతను గోడ మీది స్విచ్‌బోర్డు చూపించాడు. చెక్క బోర్డు, నల్లటి గుండ్రటి స్విచ్‌లు. ఇప్పుడు వాటికి కరెంటు లేదు, కొత్త వైర్లు వేరే దారిన పోయాయి. చూడడానికి ఉంచారు.

"ఇది ఇంత కిందికి ఎందుకుందో తెలుసా? అన్ని గదులల్ల గిట్లనే ఉంటది. దొరసానమ్మ పొట్టిది. ఆమె చెయ్యి లేపితే నొస్తదని దొరగారు ఆమె ఎత్తుకే పెట్టించిండు. గంత ప్రేమ."

వదిన కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ముక్కూ మొహం తెలియని దొరసాని కోసం ఆమెకు ఏడుపు వచ్చింది. నేను ఆ బోర్డునే చూస్తూ నిలబడ్డాను. అక్కడ దిద్దవలసింది ఉంది కానీ దిద్దలేదు. మాట బయటికి తీయడానికి చాలా దూరం పోవాలనిపించింది.

బంగళా వెనక జింకల పార్కు. ఇనుప వల, వల అవతల చుక్కల జింకలు. కొన్ని వల దగ్గరికి వచ్చి మా చేతులు చూశాయి. ఏమీ లేవని తెలిసి అక్కడే నిలబడి నమిలాయి. బాగున్నాయి. బాగున్నాయని తెలిసింది, అంతే.

"మీరిద్దరు ఈడ జింకల చూసుకుంట కూసునేటోళ్ళు గదా?" వదిన ఆశగా అడిగింది.

"అప్పుడు జింకలు లేవు వదినా. పార్కు తర్వాత పెట్టిండ్రు. ఇది బొగ్గులు పోసే జాగ."

"నీతోటి కాదే పిల్లా" అంటూ ఆమె సిమెంటు బెంచీ మీద కూలబడింది. చెప్పులు విడిచి పాదాలు ఒత్తుకుంది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. నా కోసమే వచ్చింది. అది చూసి చెప్పాను.

"ఆ బోర్డులు దొరసాని కోసం పెట్టినయి కాదు. కరెంటు వచ్చేసరికి ఆమె లేదు. మీ తమ్ముడే పెట్టిండు."

వదిన పాదం వదిలేసి నా వైపు తిరిగింది.

"సాయం మనిషి దొరకలేదు. గోడకు బోర్డు ఆనించి పట్టుకోమన్నడు. నేను పట్టుకున్న. చేతులు నొచ్చి, బోర్డును భుజం మీద ఆనించుకున్న. 'ఆడనే ఉంచు, కదలకు' అని పెన్సిలుతో గీత గీసిండు. బిగించినంక ఓవర్సీరు వచ్చి, 'ఈ బంగళాల చిన్నపిల్లలుంటరానయ్యా, గింత కిందికి పెట్టినవ్' అని తిట్టిండు. కాని గోడకు బొక్కలు పడ్డయి. ఒకటి పైన, ఒకటి కింద ఉంటే బాగుండదని అన్ని గదులకు అదే ఎత్తు పెట్టిండు."

"ప్రతి గదిల నిన్ను నిలబెట్టిండా?"

"అవ్. కొలిచే టేపు పోగొట్టుకున్నడు."

వదిన చెప్పులు వేసుకొని లేచింది. బంగళా మూసే వేళయింది. గైడు తాళాల గుత్తితో గుమ్మం దగ్గరున్నాడు. "ఒక్క నిమిషం నాయనా, ఏదో మరిచిపోయినం" అని నన్ను చెయ్యి పట్టి లోపలికి లాక్కుపోయింది. పడకగదిలో ఆ బోర్డు కింద నన్ను నిలబెట్టింది. "గోడకు ఆనుకో. సక్కగ నిలబడు."

చక్కగానే నిలబడ్డాను. బోర్డు అడుగు నా భుజానికి తగలలేదు. మధ్యలో ఖాళీ ఉంది. వదిన అందులో వేళ్ళు పెట్టి చూసింది. నాలుగు వేళ్ళు పట్టాయి.

"బోర్డు పైకి జరిపిండ్రా?" అంది.

"లేదు వదినా. నేనే తగ్గిన."

ఆమె వేళ్ళు అక్కడే ఉండిపోయాయి. అవి నా భుజానికి తెలిశాయి. తర్వాత ఆమె గోడకు నుదురు ఆనించి గట్టిగా ఏడ్చింది. "తమ్మీ, తమ్మీ" అని. గైడు వచ్చి గుమ్మంలో ఆగి వెనక్కి పోయాడు. నేను ఆమె వీపు నిమిరాను. ఆమె జాకెట్టు చెమటతో తడిగా ఉంది. నా కళ్ళు పొడిగానే ఉన్నాయి. చేతితో తడిమి చూసుకున్నాను కూడా.

తిరిగి ఆటోలో వస్తుంటే మా అమ్మాయి ఫోను చేసింది. వదినకు చెవులు సరిగా వినబడవు, అందుకని స్పీకరు పెడుతుంది.

"ఏమయింది అత్తా? అమ్మ ఏడ్చిందా?"

వదిన నా వైపు చూసింది. కళ్ళు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"ఏడ్చింది బిడ్డా. బంగళాల గోడకు తల పెట్టి మస్తు ఏడ్చింది. ఇగ నీకేం ఫికర్ లేదు, నిమ్మళంగ ఉండు."

"ఒకసారి అమ్మకివ్వు అత్తా."

వదిన ఫోను నా నోటి దగ్గర పెట్టింది. ఆటో గతుకుల మీద పోతుంటే అది పడిపోకుండా నేనూ ఒక చెయ్యి వేశాను.

"అమ్మా, నిజమేనా?"

"అవ్" అన్నాను.