తాళానికి ఇవ్వని ఉత్తరాలు

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో నేను జగిత్యాలలో తపాలా ఇన్‌స్పెక్టర్‌ని. పల్లెల్లోని బ్రాంచి ఆఫీసుల తనిఖీ నా పని. శాఖ నష్టాల్లో ఉందని పైనుంచి రోజూ సతాయింపు. సంస్కరణ పేరుతో ప్రతి రిజిస్టరు ఉత్తరాన్నీ ఇంటి గుమ్మం దగ్గరే ఇవ్వాలన్నారు. ఇచ్చిన చోటును సెల్‌ఫోన్ నమోదు చేస్తుంది. చోటు తేడా వస్తే అది దొంగ బట్వాడా.

కోరుట్ల వైపు ఒక ఊళ్ళో రహమత్ బీ బ్రాంచి పోస్ట్‌మాస్టర్. ఉత్తరాలు పంచేదీ ఆమే. ఒక వారం ఆమె ఇచ్చినవన్నీ ఒకే కాలువ గట్టు మీద ఇచ్చినట్టు ఫోన్లో నమోదయ్యాయి. పై అధికారి కళ్ళెర్రజేసి నన్ను విచారణకు పంపారు.

పొద్దున పదింటికి వెళితే వీధి పొడుగునా తాళాలే. ఊరంతా ఉపాధి పనిలో ఆ కాలువ పూడిక తీస్తోంది. రహమత్ బీ అక్కడే ఉంది.

"మనుషులు గీడ ఉంటే ఇంటికాడ ఎవలకియ్యాలె సార్? ఉత్తరం తాళానికియ్యాల్నా?" అంది.

మల్లవ్వ అనే కూలీ పార పక్కనపెట్టి వచ్చింది. "నా బిడ్డ నర్సు కొలువుకు దరఖాస్తు పెట్టింది సారూ. కాయితం అస్తే గీమెనే గీడికి తెస్తది. గీమెను ఏమనకుండ్రి."

ఉత్తరాలన్నీ అందాయని, సంతకాలు సరైనవేనని రిపోర్టు రాశాను. అది తిరిగొచ్చింది. అందాయా అని అడగలేదు, చోటు సరిపోయిందా అని అడిగాం అంటూ అధికారి ఫోన్లో కసిరారు. ఒళ్ళు మండింది. మండి ఏం చేశాను? రిటైర్మెంటు దగ్గర్లో ఉందని భయపడి, చోటు సరిపోలేదని రెండో రిపోర్టు రాసి సంతకం పెట్టాను. రహమత్ బీని 'పుటాఫ్' చేశారు, అంటే విచారణ తేలేదాకా పనికి రావద్దన్నారు. అది తేలకముందే ఆ ఆఫీసును పక్క ఊరి ఆఫీసులో కలిపేసి, పొదుపు అన్నారు.

సిరిసిల్లకు బదిలీ అయ్యేముందు ఆ పక్క ఊరి ఆఫీసును తనిఖీ చేశాను. అక్కడి పోస్ట్‌మన్ రూలు తప్పడు. ప్రతి గుమ్మం ముందూ నిలబడి ఫోటో తీస్తాడు, 'తలుపు తాళం' అని రాస్తాడు, ఏడు రోజులు ఆగి తిప్పి పంపుతాడు. తిరిగిపోయిన ఉత్తరాల రిజిస్టరులో మల్లవ్వ బిడ్డ పేరుంది. పంపినవారి గడిలో ఒక ఆసుపత్రి పేరుంది. తేదీ చూశాను. ఉత్తరం తిరిగి వెళ్ళిపోయి నెల దాటింది.

చోటు మాత్రం సరిగ్గా సరిపోయింది. తనిఖీ పత్రంలో 'లోపాలు లేవు' అని రాసింది నేనే.

ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఒకటే. మొదటి రిపోర్టు నిజమైతే రెండోది రాయకూడదు.