నీలికాడ పీపా

మా ఆయన దేనెష్ కుదురుగా కూర్చోగా నేను చూసింది చాలా తక్కువ. పెళ్ళి ఫోటో తీసేటప్పుడు కూడా కదిలాడు. హాల్లో వేలాడే ఆ పటంలో నా పక్కన రెండు ముక్కుల మనిషి నిలబడి ఉంటాడు. బలతోన్ సరస్సు మీద పడవ ఉద్యోగం దొరికింది కాబట్టి సరిపోయింది. వేసవంతా జనాన్ని ఆ ఒడ్డుకీ ఈ ఒడ్డుకీ చేరవేస్తూ తిరుగుతాడు. చలికాలం పడవలు కట్టేశాక నా కష్టాలు మొదలవుతాయి. ఒక ఏడు తేనెటీగల్ని పెంచాడు. ఇంకో ఏడు పాత సైకిళ్ళు కొని, విప్పి, ఊరుకున్నాడు. చక్కగా పడుతున్న తలుపుని ఊడదీసి మళ్ళీ బిగిస్తాడు. మనసు మాత్రం వెన్న, అది నేను కాదనను. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉండనివ్వడమే ఆయనకి చేతకాదు.

అలాంటి మనిషికి బదచోన్ కొండవాలు మీది ద్రాక్షతోటని అప్పగించి మా మామగారు కన్నుమూశారు. చాకిరీ ఈయనది, పీపాల కొట్టు తాళంచెవి మాత్రం మా అత్తగారు ఎతెల్కా మెడలో. అరచేయంత ఇనప తాళంచెవి, ఎర్ర రిబ్బనుకి కట్టి ఉంటుంది. స్నానానికి కూడా తీయదని నా అనుమానం.

మా కొండకి పేరు తెచ్చింది నీలికాడ ద్రాక్ష. దాని పువ్వు తనంతట తాను కాయ కట్టలేదు. పక్కన పచ్చద్రాక్ష వరస ఉండాలి, ఆ పుప్పొడి గాలికి వచ్చి దీనిమీద పడాలి. పచ్చద్రాక్ష వైన్ వట్టి పులుపు, కొనేవాడుండడు. అయినా ప్రతి తోటలోనూ ఇల్లరికపు అల్లుడికి పీట వేసినట్టు దానికో వరస ఇస్తారు.

పోయిన చలికాలం మా ఆయన కన్ను ఆ వరస మీద పడింది. ఊరికే తిని కూర్చుంటోందన్నాడు. పీకేసి ఏదో కొత్తరకం ఎర్రద్రాక్ష నాటాడు. మరి నీలికాడ సంగతేమిటని అడిగితే, గోడకి అవతల వెండెల్ తోటలో పచ్చద్రాక్ష ఉందిగా, గాలికి గోడ అడ్డమా అన్నాడు. ఈ వెండెల్ మా పొరుగువాడు. వాననీటి కాలువ దగ్గర మాటామాటా పెరిగి ఇద్దరికీ మాటల్లేవు. ఒకరి తోటవైపు ఒకరు తల తిప్పి చూడరు. మాట్లాడని మనిషి పుప్పొడి మాత్రం కావాలి మా ఆయనకి. నేను పోట్లాడాను. వింటేగా!

జూన్‌లో పూత వచ్చింది, రాలింది. గుత్తులు పళ్ళూడిన దువ్వెనల్లా తేలాయి. నీలికాడ దిగుబడి ఒక కూజా నిండలేదు. చుట్టాలు కోతకి వస్తే బండారం బయటపడుతుందని, పిట్టలు తినేస్తున్నాయి, ముందే కోసేశామని ఫోన్లు చేశాడు. నీలికాడ పీపాలో మామూలు రీజ్లింగ్ ద్రాక్ష వైన్ పోసి, ఆ కాస్త నీలికాడనీ కలిపి మూత బిగించాడు.

ఇంతవరకైతే కడుపులో పెట్టుకునేదాన్నే. కానీ అక్టోబరులో అత్తగారు ఒక మాట అనేసింది. ఎనభై దాటాయి, మోకాళ్ళు కొండ ఎక్కనివ్వడం లేదు. నవంబరులో కొత్త వైన్ తాగే మార్టిన్ పండుగకి నీలికాడ రుచి చూస్తుందట. బాగుంటే తాళంచెవి దేనెష్ మెళ్ళో వేస్తుందట. లేదంటే ఆడబిడ్డ మార్గిత్ తెచ్చిన హోటలు బేరానికి ఒప్పుకుని తోట అమ్మేస్తుందట. మార్గిత్ బుదపెస్ట్‌లో ఉంటుంది. తమ్ముడంటే ప్రాణమే గానీ, వీడి చేతిలో తోట నిలవదని ఆవిడ నమ్మకం. తప్పుపట్టలేను.

పండుగకని నవంబరులో ఒక శనివారం అందరూ దిగారు. అత్తగారిని మార్గిత్ మొగుడు కారులో కొండమీదికి తెచ్చాడు. సరస్సు మీద పొగమంచు, కొట్టులో పొయ్యి, బల్లమీద వేడి పొగాచా రొట్టెలు. మొదటి రోజు మామూలు పీపాల రుచి, నీలికాడ ఆదివారం బాతు వేపుడుతో. మా ఆయన కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. చీల్చిన కట్టెల్నే మళ్ళీ చీల్చాడు. పడవ తాడు చూసొస్తానని రేవుకి దిగాడు, ఎక్కాడు, మళ్ళీ దిగాడు. ఈ ఏడు ఏ పీపా ఎలా ఉందో చూద్దాం అని అత్తగారు మాటవరసకి అంటే, అన్నీ బాగానే ఉన్నాయమ్మా, ఎవరేమన్నారు అని ఎగిరిపడ్డాడు. గుమ్మడికాయల దొంగ కథే. నాకు ఒకపక్క కోపం, ఒకపక్క జాలి. చెప్పేయండి అని చెవిలో పోరాను. చెబుతా చెబుతా అంటూ తోటలోకి పోయాడు.

ఆదివారం మధ్యాహ్నం బాతు బల్లమీదికి వచ్చింది. పీపాలోంచి గాజు గొట్టంతో వైన్ లాగి, తొలి గ్లాసు తల్లికిచ్చాడు. మా దగ్గర గ్లాసులు తాకించేటప్పుడు కళ్ళలోకి చూడాలి, చూడకపోతే ఆ వైన్ ఒంటికి పట్టదంటారు. అత్తగారు గ్లాసెత్తింది. ఈయన గ్లాసు తాకించాడు, చూపు మాత్రం బాతు మీద ఉంది.

"ఇటు చూడరా," అంది అత్తగారు.

చూడలేదు. ఆవిడ ఒక గుక్క తాగి, నోట్లో తిప్పి, మింగింది.

"మంచి రీజ్లింగ్. నీలికాడ ఏదీ?"

మా ఆయన గాజు గొట్టం బల్లమీద పెట్టేశాడు. మార్గిత్ ఒకసారి నావైపు చూసి తల దించుకుంది. సంతోషించలేదు పాపం. ఆయన నిలబడే అంతా చెప్పేశాడు. పీకడం, నాటడం, పిట్టల అబద్ధం, అన్నీ. పచ్చద్రాక్ష వెండెల్ వైపు ఉంది కదా అనుకున్నానని, ఎందుకు కాయలేదో తెలియడం లేదని అన్నాడు.

అత్తగారు గ్లాసు పక్కన పెట్టింది. తర్వాత గోడమీది కూజా తెమ్మని నన్ను పంపింది. మార్టిన్ పండుగకి పొరుగువాడికి కొత్త వైన్ ఇవ్వనివాడి పీపా చెడుతుందని మావాళ్ళ భయం. అందుకని మాటల్లేనివాళ్ళు కూడా కూజా గోడమీద పెట్టి వెళ్ళిపోతారు. వెండెల్ పెట్టిన కూజాకి నీలికాడ అని చీటీ కట్టి ఉంది. అత్తగారు గ్లాసులో పోసుకుని తాగింది.

"ఇదీ రీజ్లింగే. మనదానికంటే పలచన. పిలువు వాణ్ణి."

నేను గోడ దగ్గర నిలబడి కేకేశాను. వెండెల్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చి గుమ్మంలోనే ఆగాడు. మీ పచ్చద్రాక్ష ఎక్కడయ్యా అని అత్తగారు అడిగింది. వెండెల్ చెవులు ఎర్రబడ్డాయి.

"పోయిన చలికాలం పీకేశానమ్మా. దేనెష్ వైపు ఉంది కదా అని."

దొందూ దొందే. మార్గిత్ మొగుడు నవ్వాపుకోలేక పొగాచా నోట్లో కుక్కుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. నా కళ్ళు ఆ ఎర్ర రిబ్బను మీదే ఉన్నాయి. ఆవిడ చెయ్యి దాని మీదికే వెళ్ళింది.

"కింద మా ఇంటి గోడమీద పాత పచ్చద్రాక్ష తీగ ఉంది. ఇద్దరూ వచ్చి కొమ్మలు కోసుకోండి. గోడకి అటొక వరస, ఇటొక వరస. అది పూతకి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందిరా?"

"మూడేళ్ళు," అన్నాడు మా ఆయన, నేల చూస్తూ.

హోటలువాడు అన్నాళ్ళు ఆగడమ్మా అని మార్గిత్ మెల్లగా అంది. ఆగకపోతే పొమ్మంది అత్తగారు. తాళంచెవి తీసి మా ఆయన ముందు బల్లమీద పెట్టింది. ఆయన ముట్టుకోబోయేలోగా మళ్ళీ లాక్కుని మెడలో వేసుకుంది.

"నీలికాడ తాగేదాకా ఇది నా దగ్గరే. కుదురుగా చావనివ్వవు కదరా నన్ను. నీ మూలాన ఇంకో మూడేళ్ళు బతకాల్సొచ్చింది."

ఆ రీజ్లింగ్ గ్లాసే మళ్ళీ ఎత్తి పట్టుకుంది. మా ఆయన గ్లాసు తాకించి, ఈసారి ఆవిడ కళ్ళలోకి చూశాడు. తర్వాత ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. బాతు చల్లారిపోయింది, వెండెల్ రెండోసారి వడ్డించుకున్నాడు, పొయ్యిలో కట్టెలు అయిపోయి నేనే లేచి వేశాను. ఆయన మాత్రం లేవలేదు.