ఇల్లు చూడకుండ ఇచ్చిన కుక్కపిల్ల

నిజాం సర్కారు రోజులు. ఎల్లారెడ్డిల మా అత్తమ్మ ఊరకుక్కలను, వాటి పిల్లలను కొట్టంల సాదేది. ఎవరన్న పిల్లను అడిగితే వెంటనే చేతిల పెట్టకపోయేది. కూసుండబెట్టి నీళ్లిచ్చి, "ఇంతకుముందు కుక్క ఉండెనా? ఏమైంది?" అని అడిగేది. మర్నాడు వాళ్ల వాకిలి చూసొచ్చినంకనే ఇచ్చేది. లగ్గమై యాడాది కాలేదు, నాకదంత చాదస్తమనిపించేది.

ఆ ఎండకాలం అత్తమ్మ తన బిడ్డ పురుడుకని కామారెడ్డి పోయింది. ఓ మధ్యాహ్నం ఒకాయన వచ్చిండు. తెల్లటి ధోతి, మెల్లటి మాట. ఆయన లోపలికి రాంగనే పిల్లలన్ని ఒక్కసారి గమ్మునైనయి. తల్లికుక్క బండి కిందికి జరిగింది.

"ఇంతకుముందు కుక్క ఉండెనా అన్నా?"

"ఉన్నయి చెల్లె, ఇంట్లనే ఉన్నయి. ఒక్కటి తక్కువైంది."

ఎర్రపిల్లను ఇచ్చిన.

మూడోనాడు వచ్చిన అత్తమ్మ, ఎర్రపిల్ల లేకపోవుడు చూసి, "ఇల్లు చూసినవా?" అన్నది. చూడలేదన్న. కాళ్లు కూడ కడుక్కోకుండ నన్ను తీసుకొని ఆయన ఇల్లు అడుక్కుంట బయలెల్లింది.

ఊరి చివర, గాంధారి పోయే తొవ్వల ఇల్లు. పేడనీళ్ల సానుపు చల్లిన వాకిట్ల ఆరు గుంజలు, ఆరు తాళ్లు, ముందట ఆరు మూకుళ్లల్ల నీళ్లు. ఐదు తాళ్లు ఉత్తగనే ఉన్నయి, మెడకు వేసిన ముడులు విప్పకుండనే. ఆరోదానికి మా పిల్ల. మమ్మల్ని చూసి తోకన్న ఊపలేదు.

"కుక్కలేవి బిడ్డా?" అన్నది అత్తమ్మ.

"గవే కదవ్వా," అని ఆయన ఉత్త తాళ్లను ఒక్కొక్క పేరుతోని పిలిచిండు. అన్నీ మనుషుల పేర్లు. పిలిచినప్పుడల్ల మా పిల్ల ఆ తాడు దిక్కే తల తిప్పి చూసింది.

అత్తమ్మ ముడి విప్పి పిల్లను కొంగుల చుట్టుకున్నది. ఆయన అడ్డం రాలేదు. "దానికింక అలవాటు కాలె, తీసుకపో," అన్నడు.

వాంతులు బేదుల గత్తర రోగంల ఆ ఇంట్ల ఆరుగురు పోయిండ్రని పక్కింటామె చెప్పింది. తెచ్చిన కుక్కలు ఏమైతున్నయో ఎవరు చూడలేదట.

అత్తమ్మ ఆయన్ని ఒక్క మాట అనలేదు. "ఆ ఇంటికి పోవాల్సింది మనుషులు," అని, తెల్లారి నుంచి రోజు నాతోని ఆయనకు జొన్నరొట్టె పంపింది. భయపడుకుంటనే పోయిన. వానలు పడ్డంక ఆయన అన్న కొడుకు వచ్చి ఆయన్ని జుక్కల్ దిక్కు తీసుకపోయిండు.

పిల్ల మా దగ్గరనే పెరిగింది. చానా రోజులు సగం బువ్వ తిని పక్కకు జరిగి, ఎవరో తింటున్నట్టు చూసుకుంట నిలబడేది. అత్తమ్మ చూడనట్టే పని చేసుకునేది.