ఉత్తరంలో నేను దాటేసిన వాక్యం

నా చిన్నప్పుడు, నేను ఐదో తరగతిలో ఉండగా, మా బాపు గల్ఫులో చనిపోయాడు. శవం రాలేదు, అక్కడే మట్టి చేశారు. కబురు అందిన వారానికి, ఆయన బతికుండగా రాసిన ఆఖరి ఉత్తరం ఎల్లారెడ్డి పక్కనున్న మా ఊరికి చేరింది.

అమ్మకు చదువు రాదు. రోజూ పొద్దున ఆ ఉత్తరం నాతో చదివించుకునేది. ఇంకెవరి చేతికీ ఇచ్చేది కాదు. ప్రతిసారీ నేను ఒక వాక్యం దాటేసేదాన్ని. "ఛాతీల నొప్పి లేస్తున్నది, మీ అమ్మకు చెప్పకు బిడ్డా" అని రాశాడు బాపు. చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పలేదు.

కొన్నాళ్లకు మడతల దగ్గర కాగితం చిరగసాగింది. కామారెడ్డిలో లామినేషన్ చేస్తారని తెలిసి బస్సెక్కి పోయాం. దుకాణం నిండా రేషన్ కార్డులు, మార్కుల మెమోలు, పెళ్లి ఫోటోలు. దుకాణం తాత అమ్మకు ఓపికగా వివరించాడు. కింద ఒక ప్లాస్టిక్ పొర, పైన ఒకటి. వాటి లోపలి జిగురు మిషన్ వేడికి కరిగి, కాగితంతో కలిపి మూడూ ఒక్కటవుతాయట. ఇక నీళ్లు పడ్డా, చెమట చెయ్యి తగిలినా భయం లేదట.

"మళ్ల తియ్యస్తదా?" అంది అమ్మ.

"రాదు బిడ్డా. తీస్తె కాయితం చినుగుతది."

తడి ఏమైనా ఉందేమోనని ఉత్తరాన్ని వెలుతురుకు పట్టి చూస్తూ తాత ఒకచోట ఆగిపోయాడు. అమ్మను బల్ల మీద కూర్చోమని, నన్ను మిషన్ దగ్గరకు పిలిచాడు.

"ఈ నొప్పి ముచ్చట మీ అమ్మకు ఎరుకేనా?"

తల అడ్డంగా ఊపాను.

"ఇగ దీన్ని గోడకు పెడతరు. వచ్చిపోయేటోళ్లు సదువుతరు. ఎవలో చెప్తె ఇనేకంటె, నువ్వు చెప్పుడు మంచిది."

అమ్మ పక్కన కూర్చుని ఆ వాక్యం చదివాను. అమ్మ ఏడవలేదు. "ఇన్ని దినాలు దాస్తివా?" అని మాత్రం అడిగింది. ఆ తర్వాత నా మొహం చూడలేదు. తాత మిషన్ ముట్టుకోకుండా కూర్చున్నాడు, వచ్చిన గిరాకీని కూడా బయటే ఆపాడు. చాలాసేపటికి అమ్మే లేచి ఉత్తరం ఆయన చేతిలో పెట్టింది.

అది గోడకెక్కాక ఎన్నో నెలలు అమ్మ పక్కింటి అక్కతోనే చదివించుకుంది. నేను వంటింట్లో కూర్చుని వినేదాన్ని.

ఇప్పుడు మా వాడలో ఆసుపత్రి కాగితాలు వస్తే నా దగ్గరికే తెస్తారు. చెడ్డ మాట వచ్చిన చోట ఆగుతాను. ఇన్ని నీళ్లు తాగుతాను. తాగి, ఆ మాట కూడా చదువుతాను.