సున్నా రాసిన ఇల్లు

ఎం.ఏ. ఎకనామిక్స్ అయ్యాక ఖమ్మంలో ఒక సర్వే ప్రాజెక్టులో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. ఖానాపురం హవేలిలో గది కిరాయికి తీసుకున్నాను. ఏన్కూరు దాటాక అడవి అంచు ఊళ్లలో ఇంటింటికీ తిరిగి ఏడాది ఆదాయం రాసుకోవాలి. తర్వాత ఆఫీసులో కూర్చుని ఆదాయాల్లో ఎంత తేడా ఉందో లెక్కగట్టాలి.

ఒక గూడెంలో నలభై ఇళ్లు. చివరి ఇంట్లో ఒక అవ్వ ఒంటరిగా ఉండేది. ఆ వేసవంతా జ్వరంతో పడుకుని బీడీల తునికాకు కోతకు పోలేదు. తర్వాత కూలికీ పోలేకపోయింది.

"ఏడాదిల ఎంతొచ్చింది అవ్వా?"

"ఏం రాలే బిడ్డా."

"సున్నా అని రాస్తున్న మరి."

"గట్ల రాస్తే నా పేరు తీసేస్తరా?"

"తియ్యరవ్వా" అన్నాను, ట్యాబ్ నుంచి తలెత్తకుండానే.

అసమానతకు అందరికీ తెలిసిన కొలత గిని. ప్రాజెక్టు చూసే మా సారు ఇంకోటి ఎంచుకున్నారు. ఊరికీ ఊరికీ మధ్య తేడా ఎంత, ఊరి లోపల ఎంత అని అది శుభ్రంగా విడగొడుతుంది. గిని అలా విడిపోదు. ఈ కొలతలో ఊరి సగటును ఒక్కో ఇంటి ఆదాయంతో భాగించి, దానికి లాగరిథమ్ తీసి, అన్నింటి సగటు చూడాలి.

ఒక మధ్యాహ్నం ఫలితాలు సరిచూస్తుంటే ఆ గూడెం పేరు పక్కన ముప్పై తొమ్మిది ఇళ్లని కనిపించింది. రెండోసారి చూసినా అంతే. పోయిన ఇల్లు ఎవరిదో వెతకకముందే తెలిసిపోయింది. సున్నాతో భాగించడం కుదరదు కాబట్టి సాఫ్ట్‌వేర్ ఏమీ చెప్పకుండా అవ్వ వరుసను తీసేసింది. సర్కారు సాయం అందాల్సిన పేద ఇళ్ల జాబితా కూడా నేను అదే ఫైల్లోంచి తీసి ముందురోజే మండలాఫీసుకు పంపించాను.

ఎవరికీ చెప్పకుండా సరిచేద్దామనుకున్నాను. సున్నా బదులు ఒక రూపాయి పెట్టాను. గూడెంలో అసమానత ఒక్కసారిగా పైకి లేచింది. పది రూపాయలు పెడితే బాగా తగ్గింది. అవ్వ దగ్గర రూపాయీ లేదు, పదీ లేవు. నా ఇష్టానికి ఊరి లెక్క మారిపోతుంటే ఇంకా భయమేసింది. ఉద్యోగం పోతుందేమోనన్న భయం వేరే. అరగంట అట్లాగే కూర్చుని, లేచి సారు గదిలోకి పోయాను.

అంతా విని ఆయన ఒకటే అడిగారు. "లిస్టు ఏ ఫైల్లకెల్లి తీసినవమ్మా?"

"ఇందులోదే సార్."

ఆయన మండలాఫీసుకు ఫోన్ చేశారు. అవతల ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశారు. మూడోసారి ఎత్తారు. జాబితా ఇంకా పైకి పోలేదట. సరిచేసింది పంపమన్నారు; అవ్వ పేరు కలిపి వెంటనే పంపాను.

"సున్నా ఆదాయంతో ఏడాది ఎట్ల బతుకుతరమ్మా? ఏం తింటున్నదో అడిగినవా?" అన్నారు సారు. అడగలేదు.

మర్నాడే వెళ్లాను. నన్ను చూడగానే అవ్వ ముఖం మారింది. నేను నోరు తెరవకముందే మొదలుపెట్టింది.

"ఇప్పపువ్వు అమ్మిన బిడ్డా, రెండు బస్తాలు. మేకను గూడ అమ్మిన. రాసుకో."

పక్కింటామె నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. సున్నా చెప్పడమే తప్పయిందని అవ్వ భయపడి కల్పిస్తోంది. ఆ భయం పెట్టింది నేనే. ట్యాబ్ మూసి కింద కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పాను.

"తప్పు నాదవ్వా. ఇప్పుడు మల్ల ఎక్కించినం."

ఆమె లోపలికి పోయి సత్తు గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. పక్కింటామె రోజూ ఆ గిన్నెడు జావ పోస్తుందట. బియ్యం రేషన్‌వి. ఒంట్లో బాగున్న రోజు అడవికి పోయి కూరాకు తెచ్చుకుంటుంది. డబ్బుగా రాకపోయినా తిండీ ఆదాయమే కాబట్టి, గిన్నెలో ఎంత పడుతుందో కొలిచి, ఆ జావ ఖరీదు, బియ్యం ఖరీదు, ఆకు ఖరీదు ఆదాయం కింద రాశాను. మొత్తం చాలా చిన్నదే, కానీ సున్నా కాదు.

నెల తర్వాత సాయం మంజూరైన ఇళ్ల జాబితా వచ్చింది. వేలు పెట్టి ఒక్కో పేరూ చదువుకుంటూ పోయాను. అవ్వ పేరు ఉంది.