బంతి లేని పరుగు

"మాస్టారు పోనారే" అని మొన్న బుధవారం పొద్దున్నే ఫోనొచ్చింది. పోయింది మా బాస్కెట్‌బాల్ మాస్టారు. ఫోన్ చేసింది జట్టులో నాతో ఆడిన ఆమదాలవలస కిరాణా కొట్టువారి అమ్మాయి. నిజం చెప్పేస్తాను, ఏడుపు కంటే ముందు నాకు కుళ్ళొచ్చింది. ఆ కబురు నాకంటే ముందు ఆమెకెందుకు తెలియాలి?

శ్రీకాకుళంలో మా కాలేజీ ఆడపిల్లల జట్టుకి మాస్టారే దిక్కు. సిమెంటు కోర్టు రోజూ తనే ఊడ్చేవారు. మేం చీపురు అందుకోబోతే "ఊడిస్తేనే కదా ఎక్కడ జారతాదో తెలుస్తాది" అనేవారు. జట్టులో బంతి కొట్టుకుంటూ దూసుకుపోయేదాన్ని నేను. ఆ అమ్మాయి మాత్రం ఎద్దుబండి. ఆ పేరు పెట్టిందీ నేనే.

రాష్ట్రం ఇంకా విడిపోని రోజుల్లో విజయనగరంలో ఫైనల్ ఆడాం. అవతలివాళ్ళు కోర్టు పొడుగునా వెంటపడి మాకు ఊపిరాడనివ్వలేదు. నా చేతికి బంతి రావడం ఆలస్యం, ఇద్దరు మీదపడి మూలకి నెట్టేసి లాక్కునేవారు. సగం ఆటయ్యేసరికి బాగా వెనకబడ్డాం.

విరామంలో మాస్టారు కేకలెయ్యలేదు. నా పక్కనే గచ్చు మీద కూర్చున్నారు.

"ఒసే, నీ మీద ఇద్దరు పడతన్నారంటే ఏటి? మనోల్లలో ఒకర్తి ఖాళీగా ఉన్నాదని. ఇక బంతి నీకొద్దు. కావాలని అరుసుకుంటా ఆ మూలకి పరిగెట్టు. ఇద్దర్నీ లాక్కుపో."

"మరి బంతో?"

"అది మద్దిలో నిలబడతాది. అందుకుని ముందుకి ఇసురుతాది."

అది అంటే ఎద్దుబండి. నా ప్రాణం చివుక్కుమంది. అయినా ఉత్త చేతులు చాచి, గొంతు చించుకుని పరిగెత్తాను. ఇద్దరూ నా వెనకే వచ్చారు. ఆమె నడిమధ్య తాపీగా బంతి అందుకుని, గిరుక్కున తిరిగి, ముందున్న పిల్లకి విసిరేది. గెలిచాం. ఫొటోలో కప్పు ఆమె చేతిలో ఉంది, నేను అంచున ఉన్నాను. తిరుగు బస్సులో మాస్టారు సగం అరటిపండు తుంచి ఇస్తూ "నువ్వు పరిగెట్టకపోతే ఏటీ లేదే" అన్నారు. ఆ మాట నలుగురిలో ఎందుకు అనలేదని ఇన్నేళ్ళూ ఆయన మీద అలిగే ఉన్నాను.

మొన్న ఆయన పాడె మోసింది మగపిల్లల జట్టు. ఒక్క కప్పూ తేలేనివాళ్ళు. వీధి చివర పెద్దలు మమ్మల్ని ఆపేశారు. "ఆడోల్లు ఇక్కడితో ఆగిపోవాల."

ఆమె నావైపు చూసింది. నేను పాడెకి ఎడమవైపు పరిగెత్తి "నేనూ మోస్తాను!" అని అరిచాను. ఇద్దరు పెద్దమనుషులు గబగబా వచ్చి అడ్డం నిలబడ్డారు. "ఏటమ్మా ఈ సోద్దెం!"

కుడివైపు నుంచి ఆమె తాపీగా నడిచివెళ్ళి, ముందున్న కుర్రాణ్ణి తప్పుకోమని, వెదురు కింద తన భుజం పెట్టింది.

నాగావళి వైపు పోయే రోడ్డులో ఆమె పచ్చ చున్నీ కనిపించినంతసేపూ చూస్తూ నిలబడ్డాను. ఎంత కుళ్ళుకున్నానో చెప్పలేను. అయినా అరవడం ఆపలేదు, ఆ పెద్దమనుషులిద్దర్నీ అక్కణ్ణించి కదలనివ్వలేదు.