ఏనుగు సెట్టింగు

చిత్తూరు ఎగ్జిబిషన్‌లో ఏటా ఏదో ఒక సినిమా సెట్టింగు వేయించే కాంట్రాక్టరు దగ్గర నేను బొమ్మలు గీసేవాణ్ణి. ఏ సినిమా సెట్టింగు వేయాలో తేల్చుకునే ముందు ఆయన వీధులన్నీ తిరిగి, పిల్లలు ఏ సినిమా ఆట ఆడుకుంటున్నారో చూసేవాడు.

ఒక ఏడు ఇద్దరు హీరోల అభిమానులు తమ హీరో సినిమానే వేయాలని, లేకుంటే పందిరి తగలబెడతామని బెదిరించారు. ఆయన మాత్రం వీధుల్లో పిల్లలంతా ఏనుగాట ఆడటం చూసి, ఏనుగు సినిమా ఎంచుకున్నాడు. భయపడుతూనే చెక్క ఏనుగు వెనక అడవి గీశాను.

మొదటిరోజు రెండు గుంపులూ వచ్చాయి. కూతుర్ని చంకనేసుకున్న ఒకడు, "మా హీరో యాడప్పా?" అని గద్దించాడు.

"ఈడ హీరోలెవురూ లేరప్పా. ఏనుగుండాది, పాపను ఎక్కించు," అన్నాడాయన.

పాప అప్పటికే చెక్క ఏనుగు వైపు చేతులు చాచింది. తండ్రి నవ్వేసి లోపలికి నడిచాడు. వెనకే మిగతావాళ్ళూ నడిచారు.

కాంట్రాక్టరు నా పక్కన కూలబడి, "బతికినామబ్బా!" అన్నాడు. ఆయనకూ భయమేసిందని అప్పుడే తెలిసింది నాకు.